ఆటకు డబ్బుంది, కొలతకు లేదు: సీమ పల్లెల్లో క్రీడలు, కక్షలు, పరిశోధన నిధులు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ ఊళ్లో కబడ్డీ పోటీలు మొదలైనా, కొబ్బరికాయ కొట్టాక మైకులో వినిపించే మాట ఒకటుంది: ఆటలు ఆడుకుంటే పల్లెల్లో కక్షలు తగ్గుతాయి. ఎమ్మెల్యే అదే చెబుతారు, సీఐ అదే చెబుతారు, పీఈటీ సారూ అదే చెబుతారు. ఆ మాట నిజం కావాలనే నా కోరిక కూడా. కానీ అది ఎలాంటి ఆటతో నిజమవుతుంది, ఎప్పుడు ఎదురు తిరుగుతుంది అని తేల్చే పరిశోధనకు మన దగ్గర డబ్బు పుట్టడం చాలా కష్టం. కప్పులకు, జెర్సీలకు, ఫ్లెక్సీలకు దాతలు ముందుకొస్తారు. ఆట అయిపోయిన ఆరు నెలలకు ఆ పిల్లోళ్ల ఇళ్లకు పోయి నాలుగు ప్రశ్నలు అడిగి రావడానికి ఎవరూ రారు. ఆటకు పెట్టే సొమ్ములో కొలతకు వాటా ఉండి తీరాలన్నది నా వాదన. ఆ సొమ్ము ఏ దారుల్లో వస్తుందో, అడిగేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా ఇక్కడ రాస్తున్నాను.

నినాదానికైతే ప్రపంచంలో కొరత లేదు. క్రీడలు విద్యకు, ఆరోగ్యానికి, అభివృద్ధికి, శాంతికి సాధనమని ఐక్యరాజ్యసమితి 2003లో తీర్మానం చేసింది. 2005ను అంతర్జాతీయ క్రీడా, వ్యాయామ విద్య సంవత్సరంగా జరిపింది. ఏప్రిల్ 6ను అభివృద్ధి, శాంతి కోసం క్రీడల దినంగా 2013లో ప్రకటించింది. ఇదే పని కోసం 2001లో పెట్టుకున్న కార్యాలయాన్ని మాత్రం 2017లో మూసేసింది. మన దేశంలో 2017లో ఖేలో ఇండియాను మార్చి రాసినప్పుడు పన్నెండు విభాగాలు పెట్టారు. వాటిలో ఒకదాని పేరే ‘శాంతి, అభివృద్ధి కోసం క్రీడలు’. మొత్తం పథకానికి మూడేళ్లకు 1,756 కోట్ల రూపాయలు. ఇలాంటి పథకాల్లో డబ్బు పోటీల నిర్వహణకు, మైదానాలకు, శిక్షణకు పోతుంది. ఖర్చుకు లెక్క అడుగుతారు, ఎంతమంది పాల్గొన్నారని అడుగుతారు. పాల్గొన్నవాళ్ల మధ్య ఏం మారిందన్న ప్రశ్నకు ఫారంలో గడి ఉండదు.

కొలవడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి రెండు అధ్యయనాలు చాలు.

మొదటిది మన దేశానిదే. మాథ్యూ లోవ్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులతో క్రికెట్ లీగుల మీద చేసిన ప్రయోగం 2021లో అచ్చయింది. ఎవరు ఏ జట్టులో ఆడాలో లాటరీతో నిర్ణయించారు. కొందరు తమ కులం వాళ్లతోనే కలిసి ఆడారు, కొందరు వేర్వేరు కులాల జట్లలో పడ్డారు, కొందరికి ఆడే అవకాశమే రాలేదు. వేరే కులం వాడు తన జట్టులోనే ఉన్నచోట కులాలు దాటిన స్నేహాలు పెరిగాయి, సొంత కులం వైపు మొగ్గు తగ్గింది. వేరే కులం వాడు ఎదుటి జట్టులో ఉన్నచోట ఫలితాలు చాలావరకు దీనికి తిరగబడ్డాయి. ఆట ఒకటే, మైదానం ఒకటే, ఆడింది ఆ ఊళ్ల వాళ్లే. ఎవరి పక్కన నిలబడ్డారన్న దాన్నిబట్టి ఫలితం మారిపోయింది.

రెండోది ఇరాక్‌లో జరిగింది. ఐసిస్ దాడుల్లో ఊళ్లు విడిచిన క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లతో సల్మా మూసా అనే రాజనీతిశాస్త్రవేత్త చేసిన ప్రయోగం 2020లో వచ్చింది. కొన్ని జట్లకు అదనంగా ముస్లిం ఆటగాళ్లను చేర్చారు, కొన్నింటికి క్రైస్తవులనే చేర్చారు. కలిసి ఆడినవాళ్లు క్రీడాస్ఫూర్తి బహుమతికి వేరే జట్టులోని ముస్లిం ఆటగాడికి ఓటేయడానికి ముందుకొచ్చారు. వచ్చే సీజన్‌లో మిశ్రమ జట్టులో ఆడతామని పేరిచ్చారు. ఆరు నెలల తర్వాతా ముస్లింలతో కలిసి ప్రాక్టీసు చేశారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లోని హోటల్‌కు పోయి తినమన్నా, రెండు మతాల వాళ్లూ వచ్చే విందుకు రమ్మన్నా తేడా కనపడలేదు. మార్పు మైదానం గీత దాటలేదన్నమాట.

ఈ రెండింటి వెనకా 1954లో గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన నాలుగు షరతులున్నాయి. రెండు వర్గాలు కలిసినప్పుడు వైరం తగ్గాలంటే ఆ కలయికలో హోదా సమానంగా ఉండాలి, గమ్యం ఒకటి కావాలి, ఒకరి పనికి ఇంకొకరు సాయపడాలి, పెద్దల మద్దతు ఉండాలి. వీటిని దగ్గర పెట్టుకుని మన టోర్నమెంట్లను చూద్దాం.

మన పోటీల్లో ఊరికో జట్టు. పెద్ద ఊరైతే రెండు, అవి కూడా చాలాచోట్ల వీధిని బట్టి, అంటే దాదాపుగా కులాన్ని బట్టి, వర్గాన్ని బట్టి ఏర్పడతాయి. జెర్సీ మీద నాయకుడి ఫొటో ఉంటుంది. కప్పు ఆయన పేరు మీదే, ఒక్కోసారి కక్షల్లో చనిపోయిన ఆయన తండ్రి స్మారకంగా. ఒక పార్టీ వాళ్లు పెట్టిన పోటీకి ఇంకో పార్టీ ఊరు రాదు, వచ్చిందంటే తేల్చుకోవడానికే వస్తుంది. దీన్ని లోవ్ ఫలితంతో పోల్చండి. మనం శాంతి పేరుతో జరుపుతున్నది ఎక్కువగా ఆయన హెచ్చరించిన రకం కలయికే. ఎదుటివాడు ఎప్పుడూ ఎదుటి జట్టులోనే ఉంటున్నాడు. గొడవలు తగ్గాలని పెట్టిన ఖర్చు గొడవను ఇంకో ఏడాది బతికిస్తోందేమో. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌లో వచ్చిన ఫలితం సీమ కబడ్డీలోనూ వస్తుందని తేల్చి చెప్పలేం. అందుకే ఇక్కడ కొలవాలంటున్నాను.

కబడ్డీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్రికెట్‌లో జట్టువాడిని ముట్టుకోకుండా మ్యాచ్ మొత్తం ఆడేయొచ్చు. కబడ్డీలో కుదరదు. కార్నర్‌లో ఉన్నవాడు పక్కవాడి చెయ్యి పట్టుకునే నిలబడాలి, చెయిన్ తెగితే రైడర్ జారిపోతాడు. పట్టులో ఒకరి మీద ఒకరు పడతారు. ఇరవై నిమిషాల సగం ముగిశాక అయిదు నిమిషాల విరామంలో ఒకే నీళ్ల సీసా చేతులు మారుతుంది, లేదా మారదు. అంటు పట్టింపులు ఇంకా మిగిలి ఉన్న పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. తాకుడున్న ఆట, తాకుడు లేని ఆట వేర్వేరు ఫలితాలిస్తాయా అన్నది మన జిల్లాల నుంచి రావాల్సిన పరిశోధన ప్రశ్న. దానికి కావాల్సిన ఆటా, మనుషులూ ఇక్కడే ఉన్నారు.

ఇక పరిశోధన నిధుల కోసం సాధారణంగా వచ్చే దరఖాస్తుల సంగతి. ‘రాయలసీమలో శాంతి స్థాపనలో క్రీడల పాత్ర: ఒక అధ్యయనం’ అని శీర్షిక పెట్టి, మూడు జిల్లాల్లో మూడు వందల మందికి ప్రశ్నావళి ఇచ్చి, ‘క్రీడలు శాంతిని పెంచుతాయని మీరు భావిస్తున్నారా’ అని అడిగితే తొంభై శాతం మంది అవుననే అంటారు. అడిగేవాడు ఏ జవాబు కోరుతున్నాడో ప్రశ్నలోనే తెలిసిపోతోంది. నిధులిచ్చే సంస్థ తరఫున దరఖాస్తు చదివే నిపుణుడు దాన్ని తిప్పి పంపితే నిధులు ఇవ్వడం లేదని బాధపడి లాభం లేదు.

రెండో రకం తప్పు పోలీసు లెక్కల మీద ఆధారపడటం. పోటీలు పెట్టిన మండలంలో కేసులు తగ్గాయి, కాబట్టి ఆట పనిచేసిందని రాస్తారు. ఇందులో మూడు గుంతలున్నాయి. ఒకటి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి, కొంత చిత్తూరు నుంచి అన్నమయ్య వేరయ్యాయి. పాత జిల్లా అంకెనూ కొత్త జిల్లా అంకెనూ పక్కపక్కన పెట్టకూడదు, స్టేషన్ స్థాయికి దిగి మళ్లీ కూర్చుకోవాలి. రెండు, 2024 జూలై 1 నుంచి చట్టాలు మారాయి. అల్లర్ల కేసు పాత శిక్షాస్మృతిలో 147, 148 సెక్షన్లయితే కొత్త న్యాయ సంహితలో 191. హత్యాయత్నం 307 పోయి 109 వచ్చింది. బైండోవర్ (గొడవ చేయబోమని పోలీసులు ముందే పూచీ రాయించే కేసు) పాత నేర విచారణ స్మృతిలో 107 అయితే, దాని బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 126. ఈ జత చూసుకోకుండా లెక్కిస్తే ఒక్క ఏడాదిలో గొడవలన్నీ మాయమైనట్టు కనిపిస్తుంది. మూడోది అసలైనది. గత ఇరవై ఏళ్లలో సీమలో కక్షల హత్యలు తగ్గిన మాట అందరికీ తెలుసు. చదువులు, బెంగళూరు వలసలు, కేసుల ఖర్చు, కాంట్రాక్టుల వైపు మళ్లిన నాయకత్వం, ఎవరి కారణాలు వాళ్లు చెబుతారు. ఎలాగూ తగ్గుతున్న కాలంలో ఏ పథకం పెట్టినా అదే తగ్గించినట్టు కనపడుతుంది. పోటీలు పెట్టని ఊళ్లతో పోల్చకుండా దీని నుంచి బయటపడే దారి లేదు. బైండోవర్ కేసుల సంఖ్య అయితే ఎన్నికల ఏడాదిలో పోలీసుల ముందుజాగ్రత్త వల్లే పెరుగుతుంది. అది గొడవకు కొలమానం కాదు.

మరి ఏం కొలవాలి? మనుషులు చెప్పేదానికన్నా చేసేది కొలవాలి. నేనైతే నాలుగు ఎంచుకుంటాను. మ్యాచ్ విరామంలో నీళ్లు ఎవరు ఎవరికి అందించారు, పడిపోయినవాడిని ఎవరు లేపారు అని ఇద్దరు పరిశీలకులు విడివిడిగా షీటులో గుర్తు పెట్టాలి. ఇద్దరి గుర్తులూ ఎంతవరకు కలుస్తున్నాయో కప్పా అనే గణాంక కొలతతో (పూర్తిగా కలిస్తే 1) చూసి, 0.7 కన్నా తక్కువ వస్తే శిక్షణ మళ్లీ ఇవ్వాలి. రెండోది, లీగు చివర్లో వచ్చే సీజన్‌కు పేర్ల నమోదు పెట్టి, కలిపిన జట్టా, సొంత వీధి జట్టా అన్నది ఎవరికి వాళ్లు చీటీలో రాసివ్వాలి. మూడోది, మైదానం బయటిది. గత నెలలో ఎవరి బండెక్కారు, ఎవరికి చేబదులిచ్చారు, ఎవరింటి పెళ్లికో దినానికో పోయి భోంచేశారు అని పేర్లతో సహా అడగాలి. మూసా ఫలితం ఆగిపోయిన గీత ఇదే కాబట్టి దీన్ని వదిలితే అధ్యయనానికి విలువ ఉండదు. నాలుగోది, పది మార్కుల కొలబద్ద మీద నమ్మకం ప్రశ్నలు, మూడు విడతలుగా: ఆటకు ముందు, ముగిసిన వారానికి, ఆరు నెలలకు. ‘మీరు ఏ వర్గం’ అని ఎక్కడా అడగొద్దు. పై వీధి, కింద వీధి, కాలనీ అని ఇంటి చోటు రాసుకుంటే విశ్లేషణకు సరిపోతుంది, మనిషికీ ముప్పు ఉండదు.

ఇప్పుడు లెక్కలు. ఇరవై నాలుగు జట్లు, జట్టుకు పన్నెండు మంది, మొత్తం 288 మంది. పేరిచ్చి లాటరీలో ఆడే అవకాశం రానివాళ్లు 144. కలిపి 432 మంది, మూడు విడతలు, 1,296 ఇంటర్వ్యూలు. ఆరేసి జట్లతో నాలుగు లీగులు పెట్టి, ప్రతి లీగులో మూడు జట్లు వీధులు కలిపినవి, మూడు ఎప్పటిలా ఉన్నవి వేయాలి. కలిపిన జట్టులో ఆరుగురు ఒకవైపు, ఆరుగురు ఇంకోవైపు. చీటీలు గుడి మండపంలోనో బడి వరండాలోనో అందరి ముందూ తీయాలి. చీటీలో పడ్డదాన్ని ఊరు ఒప్పుకుంటుంది. యూనివర్సిటీ కంప్యూటర్ తీసిన జాబితాను అనుమానిస్తుంది.

ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఒక్కోసారి ఆడితే మ్యాచ్‌లు అయిదే. అంత కొద్ది కలయికతో మనుషులు మారతారనుకోవడం అత్యాశ. రెండేసి సార్లు ఆడిస్తే జట్టుకు పది మ్యాచ్‌లు, లీగుకు ముప్పై, మొత్తం 120. ఒక్కో మ్యాచ్ ముప్పావుగంట చొప్పున ఏడున్నర గంటలు. వారానికి రెండు ప్రాక్టీసులు, ఆరు వారాలు, ఒక్కోటి గంటన్నర అంటే పద్దెనిమిది గంటలు. అసలు కలయిక ప్రాక్టీసులోనే ఉంది. దాతలు మ్యాచ్‌కు డబ్బిస్తారు, ప్రాక్టీసుకు ఇవ్వరు. ఈ చోటే చాలా కార్యక్రమాలు బలహీనపడతాయి.

శాంపిల్ సరిపోతుందా అన్నది దరఖాస్తు చదివే నిపుణుడు అడిగే మొదటి ప్రశ్న. ఒకే జట్టులో ఉన్నవాళ్ల జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి 288 మందిని 288 విడి మనుషులుగా లెక్కేయకూడదు. ఆ పోలికను 0.05 అనుకుంటే, డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల శాంపిల్ ఎన్నో వంతుకు తగ్గినట్టో చెప్పే అంకె) ఒకటికి పదకొండింతల 0.05 కలిపి 1.55; పదకొండు అంటే జట్టులోని పన్నెండు మందిలో ఒకరు తక్కువ. 288ని దానితో భాగిస్తే దాదాపు 186. అంటే ఒక్కో వైపు 93 మంది. ఎనభై శాతం శక్తితో (నిజంగా ఉన్న తేడాను నూటికి ఎనభై సార్లు పట్టుకునేలా), అయిదు శాతం సార్థకత స్థాయితో (లేని తేడాను ఉందనే అవకాశం అయిదు శాతం దాటకుండా) పట్టుకోగలిగే అతి చిన్న తేడా సుమారు 0.41 ప్రామాణిక విచలనం (జవాబులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత). పది మార్కుల కొలబద్ద మీద విచలనం రెండు మార్కులైతే, 0.8 మార్కు కన్నా చిన్న మార్పు ఈ అధ్యయనానికి కనపడదు. అయిదో వంతు మంది వలస పోయి దొరక్కపోతే అది 0.44కు పెరుగుతుంది. ఆటకు ముందు తీసిన సర్వే, తర్వాతి సర్వేతో 0.5 మేర ముడిపడి ఉంటే మళ్లీ 0.38కి దిగుతుంది. అందుకే ముందు సర్వేను ఖర్చు తగ్గించే పేరుతో కోసేయకూడదు. ఈ అయిదారు వాక్యాలు దరఖాస్తులో ఉంటే చాలు, ఈ మనిషికి పని తెలుసని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

డబ్బు ఎక్కడిది? సామాజిక శాస్త్రాలకు పెద్ద దారి ఐసీఎస్‌ఎస్‌ఆర్, అంటే భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలకు, అనంతపురం కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఇది అందుబాటులో ఉన్నదే. డిగ్రీ కాలేజీలు తమకు కేంద్ర గ్రాంట్లకు అర్హతనిచ్చే యూజీసీ 2(ఎఫ్), 12(బి) గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోవాలి. వ్యాయామ విద్య విభాగం ఒక్కటే పెట్టే దరఖాస్తు కన్నా, సోషియాలజీ లేదా సైకాలజీ లేదా రాజనీతిశాస్త్రం వాళ్లు ప్రధాన పరిశోధకులుగా, వ్యాయామ విద్య వాళ్లు సహ పరిశోధకులుగా పెట్టేది బలంగా నిలుస్తుంది. కక్షను కొలిచే పనిముట్లు మొదటివాళ్ల దగ్గర, ఆటను నడిపే నేర్పు రెండోవాళ్ల దగ్గర ఉంటాయి.

బడ్జెట్‌ను ఐసీఎస్‌ఎస్‌ఆర్ శాతాల్లో అడుగుతుంది. చాలాకాలం నడిచిన పద్ధతి ఇది: సిబ్బందికి 45 శాతం మించకూడదు, క్షేత్రపనికి 35, పరికరాలకు పుస్తకాలకు 10, చిల్లర ఖర్చుకు 5, నివేదిక ప్రచురణకు 5. ఆ ఏటి నోటిఫికేషన్‌తో ఒకసారి సరిచూసుకోవాలి. పది లక్షల ప్రాజెక్టయితే క్షేత్రపనికి మూడున్నర లక్షలు. పగలు కూలికి, పొలానికి పోయే మనుషులు సాయంత్రమే దొరుకుతారు కాబట్టి ఒక సర్వేయరు రోజుకు ఆరు ఇంటర్వ్యూలకు మించి చేయలేడు. 1,296కు 216 రోజులు. రోజుకు ఎనిమిది వందల కూలి, మూడు వందల దారి ఖర్చు, భోజనం వేస్తే 2,37,600 రూపాయలు. మిగిలిన 1,12,400లో సర్వేయర్ల శిక్షణ, ప్రశ్నావళి ముందు పరీక్ష, వలస పోయినవాళ్లను వెతుక్కుంటూ బెంగళూరు పోయి రావడం, మ్యాచ్ పరిశీలకుల భత్యం సర్దుకోవాలి. సర్వేకు కోబో టూల్‌బాక్స్, విశ్లేషణకు ఆర్ (R) అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడితే ఆ ఖర్చు లేదు.

కొర్రీ పడేది ఆట ఖర్చు దగ్గర. పరిశోధన గ్రాంటులో జెర్సీలకు, రిఫరీలకు హెడ్డు (ఖర్చు పద్దు) లేదు, బలవంతంగా దూర్చితే ఆడిట్‌లో నిలవదు. మన ధరల్లో ఉజ్జాయింపుగా చూస్తే: ముప్పై సాయంత్రాలు అయిదుగురు అఫీషియల్స్‌కు రోజుకు ఏడు వందల చొప్పున 1,05,000. జెర్సీ మూడు వందల చొప్పున 86,400. కోచ్‌కు ప్రాక్టీసుకు మూడు వందల చొప్పున 288 ప్రాక్టీసులకు ఇంకో 86,400. ప్రాక్టీసు రోజు అరటిపండు, గుడ్డు మనిషికి ఇరవై రూపాయల చొప్పున 69,120. సున్నం, లైట్లు, ప్రథమ చికిత్స అరవై వేలు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. ఇది వేరే సంచి నుంచి రావాలి, కానీ రెండు సంచులకూ ఒప్పందం ఒకే రోజు జరగాలి. ఆట సంచి ముందే ఖర్చయితే ముందు సర్వే పోయినట్టే. గ్రాంటు మొదటి వాయిదా ఆలస్యమైందని ఊరు ఆట ఆపుకుని కూర్చోదు.

ఆ రెండో సంచికి దగ్గరి దారి కంపెనీల సీఎస్‌ఆర్, అంటే చట్టం ప్రకారం కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. యర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఓర్వకల్లు వైపు సోలార్ పార్కు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, ఇలా డబ్బున్న ఇరుగుపొరుగు మనకుంది. ఈ సొమ్ము వేటికి వాడొచ్చో చెప్పే కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడల శిక్షణకు చోటుంది కాబట్టి కోచ్‌లు, ప్రాక్టీసు, కిట్లు దాని కిందికి సులభంగా వస్తాయి. కొలత అంత సులభంగా రాదు. అదే షెడ్యూలులో విశ్వవిద్యాలయ పరిశోధనకు ఇచ్చిన చోటు సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, వైద్యానికే. సామాజిక శాస్త్రం పేరు అందులో లేదు. సర్వే ఖర్చును ‘పరిశోధన’ అని విడిగా అడక్కుండా, శిక్షణ కార్యక్రమం పర్యవేక్షణలో భాగంగా అడగాలి.

ప్రభావ మదింపు నిబంధన ఒకటుంది గానీ అది మన స్థాయికి అందదు. మూడేళ్ల సగటున పది కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీ, కోటి రూపాయలు, ఆపైన పెట్టిన ప్రాజెక్టును, పూర్తయిన ఏడాది తర్వాతే మదింపు చేయించాలి. దానికి ఆ ఏటి మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో రెండు శాతం గానీ, యాభై లక్షలు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు రాసుకోవచ్చు. నాలుగు లక్షల కబడ్డీ లీగు ఈ వలలో పడదు. పడినా, అంతా అయిపోయిన ఏడాదికి వచ్చే మదింపులో ముందు సర్వే ఉండదు. పది ఊళ్లలో పది విడి టోర్నమెంట్లకు ఇచ్చే కంపెనీ వాటన్నిటినీ ఒకే ప్రాజెక్టుగా కట్టి, పదో వంతు కొలతకు పక్కన పెడితే చాలు. చట్టం అడ్డు చెప్పదు.

విదేశీ డబ్బు గురించి ఆశ పెట్టుకునేవాళ్లు విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) ముందు చదవాలి. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. స్వచ్ఛంద సంస్థ తెచ్చి యూనివర్సిటీకి వాటా ఇచ్చే పద్ధతి మూతపడింది. పాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరి అయిన సంస్థలకు మినహాయింపు ఉంది. తమ విశ్వవిద్యాలయం ఆ కోవలోకి వస్తుందో రాదో ఫైనాన్స్ ఆఫీసరు చేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే దరఖాస్తు నింపాలి. స్విట్జర్లాండ్‌లోని లాసేన్‌లో ఉన్న ఒలింపిక్ స్టడీస్ సెంటర్ పీహెచ్‌డీ విద్యార్థులకు, కొత్తగా వృత్తిలోకి వచ్చిన అధ్యాపకులకు గ్రాంట్లు ఇస్తుంది. అవి ఒలింపిక్ ఉద్యమ చరిత్ర, విధానాల మీద పనిచేసేవాళ్లకు నప్పుతాయి. పల్లె లీగు నడిపే ఖర్చు వాటితో తీరదు. 2023 చట్టంతో వచ్చిన జాతీయ పరిశోధన నిధి సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో సామాజిక శాస్త్రాలకు చోటున్నది శాస్త్ర సాంకేతికతతో ముడిపడినంత మేరకే. మన అంశానికి అది మొదటి తలుపు కాదు.

అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ 1969 నుంచి పనిచేస్తోంది, దాని స్పోర్ట్స్ విలేజ్ ఉంది, 2010 నుంచి టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి నడుస్తోంది. కడపలో క్రీడా పాఠశాల ఉంది. ఏళ్ల తరబడి వేర్వేరు కులాల పిల్లలు కలిసి ఆడి, కలిసి తిని పెరిగిన చోట్లు ఇవి. అక్కడ చదివి వెళ్లినవాళ్లను, సీటు కొద్దిలో తప్పిపోయినవాళ్లతో పోల్చి చూసే అధ్యయనానికి కొత్త ఆట ఖర్చే లేదు, సర్వే ఖర్చు ఒక్కటే. ఎంపిక మార్కుల జాబితా భద్రంగా ఉంటే కటాఫ్‌కు అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చే పద్ధతి సరిగ్గా సరిపోతుంది. మూడు నాలుగు లక్షల్లో అయ్యే పని. పీహెచ్‌డీ విద్యార్థులు ఇక్కడి నుంచి మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం.

కాలం గురించి ఢిల్లీలో కూర్చుని గ్రాంటు కేలండరు వేసేవాళ్లకు తెలియని సంగతులున్నాయి. పశ్చిమ కర్నూలు నుంచి జనవరి మొదలు ఉగాది దాకా మనుషులు సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకు. అప్పుడు ఆరు నెలల సర్వే పెట్టుకుంటే సగం ఇళ్లకు తాళాలే. అనంతపురంలో జూన్, జూలై వేరుశనగ విత్తనం. నల్లరేగడి నేలల్లో అక్టోబరు, నవంబరు శనగ విత్తనం. ఉగాది తర్వాత ఏప్రిల్, మే నెలల్లో లీగు జరిపి, మార్చి ఆఖర్లో ముందు సర్వే, నవంబరు, డిసెంబరుల్లో చివరి సర్వే పెట్టుకుంటే చాలావరకు మనుషులు దొరుకుతారు. ఎండకు సాయంత్రం అయిదు తర్వాతే ఆట. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉంటే ఆ ఏడాది మొదలుపెట్టకపోవడమే మేలు. కోడ్ వస్తే పోటీలు ఆగిపోతాయి, ఆగకపోయినా జవాబుల్లో ఎన్నికే మాట్లాడుతుంది.

మనుషుల భద్రత దగ్గర రాజీ కూడదు. సర్వేయరు ఆ మండలం వాడు కాకూడదు, కానీ సీమ యాస తెలిసినవాడు కావాలి. ఇంటర్వ్యూ నాయకుడి అరుగు మీద జరగకూడదు. పద్దెనిమిది లోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా తీసుకోవాలి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఏడేళ్లు దాటిన పిల్లలకు ఇది ఉంది. కాలేజీలో నైతిక కమిటీ లేకపోతే దగ్గరి యూనివర్సిటీ కమిటీ ముందు పెట్టాలి. దీనికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి మంజూరు కోసం ఎదురుచూడకుండా ముందే మొదలుపెట్టాలి. నివేదికలో ఊరి పేరు, నాయకుడి పేరు వద్దు. ఎవరు ఎవరికి చేబదులిచ్చారన్న జాబితా తప్పు చేతుల్లో పడితే దాంతో ఏం చేయొచ్చో ఫ్యాక్షన్ ఊళ్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పేర్ల ఫైలు, జవాబుల ఫైలు వేర్వేరు చోట్ల, తాళం వేసి ఉంచాలి.

ఆడపిల్లల జట్లను ‘వీలైతే’ అని చివర్లో రాయకండి. కక్షల భారం మోసేది ఎక్కువగా ఇళ్లలోని ఆడవాళ్లే. కబడ్డీలో మహిళల కోర్టు పన్నెండు మీటర్లకు ఎనిమిది, మగవాళ్లది పదమూడుకు పది. ఒకే స్థలంలో రెండూ గీయొచ్చు. నాలుగు లీగుల్లో ఒకటైనా పూర్తిగా వాళ్లది కావాలి. చీకటి పడకముందే వాళ్ల మ్యాచ్ అయిపోయేలా వేళలు రాయాలి, లేకపోతే రెండో వారానికే జట్టు ఖాళీ అవుతుంది.

మంజూరైన తర్వాత చెడేది చాలావరకు కాగితాల దగ్గరే. డబ్బు వాయిదాల్లో వస్తుంది, వినియోగ పత్రం కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో సరిగ్గా లేకపోతే రెండో వాయిదా ఆగుతుంది. ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మార్చాలంటే ముందస్తు అనుమతి కావాలి, ఖర్చు చేశాక అడిగితే ఆ సొమ్ము పరిశోధకుడి జేబు మీద పడుతుంది. సర్వేయర్లకు నగదు ఇవ్వకుండా ఖాతాలోనే వేయాలి. నివేదికను కాపీ తనిఖీకి పెడతారు కాబట్టి పాత వ్యాసాల నుంచి ఎత్తిన పీఠికలు పనికిరావు.

ఇవన్నీ దాటినా ఒక షరతు మిగిలి ఉంటుంది, అది డబ్బిచ్చేవాళ్లు పెట్టాల్సింది. ఏం కొలుస్తామో, ఎలా విశ్లేషిస్తామో ఆట మొదలు కాకముందే అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ (ఏఈఏ) నడిపే ప్రయోగాల రిజిస్ట్రీలో నమోదు చేయాలి, దానికి రుసుము లేదు. ఆట వల్ల తేడా రాలేదని తేలినా, ఎదురు ఫలితం వచ్చినా, అది అచ్చులోకి రావాలని మంజూరు పత్రంలోనే రాయాలి. దాత కంపెనీకి నచ్చని ఫలితం అలమారులో ఆగిపోతే తర్వాతి ఊరు అదే తప్పుకు మళ్లీ డబ్బు పోస్తుంది. ప్రచురణ హెడ్డులోని యాభై వేలలో పదివేలు తీసి, ఫలితాలను రెండు పేజీల తెలుగులో అచ్చేయించి, ఆడిన ఇరవై నాలుగు జట్లకూ, చీటీలో పేరు రానివాళ్లకూ చదివి వినిపించాలి. ఢిల్లీకి తుది నివేదిక పంపే ముందే ఈ పని జరగాలి. వాళ్లు ‘ఇది తప్పు, మా వీధిలో జరిగింది వేరు’ అంటే ఆ మాట కూడా నివేదికలో ఒక అధ్యాయంగా చేరాలి.